బావి లెక్క



బావిలో నీరుంటే చాలదు, ఆ నీరు ఎలాంటిదో కూడా తెలియాలి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కేంద్ర భూగర్భ జల మండలి వారు ఎంచుకున్న బావుల్లో ఏటా నాలుగుసార్లు నీటిమట్టం కొలుస్తారు. మే, నవంబరు కొలతల తేడా చూస్తే వాన ఎంత ఇంకిందో బోధపడుతుంది.

కానీ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నైట్రేటు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. మరుగుదొడ్డి గుంట దగ్గరున్న బావికి ఆ భయం ఎక్కువ. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు కారణం నీరేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. తేలాలంటే ఏళ్ల తరబడి రాసిన లెక్కలు కావాలి.

కనుక మే, నవంబరుల్లో గట్టు నుంచి నీటిదాకా తాడు వేసి కొలవండి, పిల్లలచేత నోటుబుక్కులో రాయించండి. ఏడాదికోసారి, వానలకు ముందు, సీసాడు నీళ్లు పరీక్షకు పంపండి.