అటక మీది తుపాకి – పన్నెండు బోరు తూటా
(బాల్కొండలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో తుపాకి ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చును. డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను రెవెన్యూ దఫ్తరులో గుమాస్తాగా ఉండగా కొంతకాలం ఆయుధ లైసెన్సుల ఫైళ్లు చూసినాను గనుక ఈ నాలుగు మాటలు చెప్పుటకు సాహసిస్తున్నాను.

మన ప్రాంతంలో మక్క చేలకు, బోధన్ వైపు చెరుకు తోటలకు అడవిపందుల బెడద అందరికీ తెలిసినదే. పంట రక్షణకు కొందరు, స్వీయరక్షణకు కొందరు లైసెన్సు తీసుకునేవారు. ఎక్కువగా కనిపించేవి రెండే రకాలు. ఒకటి గొట్టం మూతిలోనుండి మందు దట్టించే భర్మార్. రెండవది తూటా పెట్టి కాల్చే పన్నెండు బోరు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం గనుక దానికి ఆ పేరు. ఆ గొట్టం వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు.

ఈ తూటానే మనవాళ్లు కార్తూసు అంటారు. పైన గొట్టం, అడుగున నిప్పు పుట్టించే టోపీ, దానిపైన మందు, ఆపైన గట్టి అట్టబిళ్ల, దాని మీద ఛర్రాలు. వెనుకట గొట్టం కాగితముతో చేసేవారు. వానాకాలం చెమ్మకు అది ఉబ్బి తుపాకిలో దిగేది కాదు. ఇత్తడి గొట్టమైతే కాల్చిన తరువాత మళ్లీ మళ్లీ నింపుకొనవచ్చును. తరువాత ప్లాస్టిక్ గొట్టాలు వచ్చినవి.

ఖాళీ తూటాలను మళ్లీ నింపుట అమెరికాలో పెద్ద వ్యాపకము. అక్కడ 1987లో ఏర్పడిన ఒక సంఘము వారు పాత కౌబాయ్ కాలపు తుపాకులతో గురి పందేలు నడుపుతారు. పోటీదారులు ఆనాటి దుస్తులు వేసుకుని, తలా ఒక మారుపేరు పెట్టుకుని, ఉక్కు పలకలను కాల్చి పడగొడతారు. పలక దగ్గరలోనే ఉంటుంది గనుక బరువైన తూటా అవసరం లేదు. మామూలు తూటాలో 32 గ్రాముల దాకా సీసం ఉంటే, వీరు 24 గ్రాముల ప్రాంతంలో, వేగం కూడా తగ్గించి వాడుకుంటారు. సీసం, వేగం తగ్గితే భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది. పెద్దవయసు వారికి అది హాయి. పాత తుపాకికీ శ్రమ తక్కువ.

మన హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన ట్రాప్ పోటీలో కూడా తూటాకు 24 గ్రాముల సీసమే. తేలిక తూటా అంటే చిన్నచూపు పనికిరాదని దీనిని బట్టి తెలుస్తుంది.

అయితే తేలిక తూటా అంటే మందు కొంచెం తగ్గించి పోయుట కాదు. గొట్టం, టోపీ, మందు, బిళ్ల, సీసం ఒకదానికొకటి కుదరాలి. ఆ లెక్కలు తయారీదారులు పరీక్షించి పట్టికలు వేస్తారు. నల్లమందు స్థానంలో అదే కొలతకు పొగరాని మందు పోస్తే గొట్టం పగిలి చేతులు, కళ్లు పోతాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ మధ్య మనలో ఒకరు కాలం చేసినారు. దినకర్మలు అయినాక ఇంటివారు అటక దులుపుతుంటే పాత రెండు గొట్టాల తుపాకి, డబ్బాలో కొన్ని తూటాలు, ఖాళీ ఇత్తడి గొట్టాలు బయటపడినవి. అమెరికా నుండి వచ్చిన మనుమడు, "అక్కడ వీటిని ఇంట్లోనే నింపుకుంటారు నాయనమ్మా, మనమూ నింపుదాం" అన్నాడట. ఆమె భయపడి నన్ను పిలిపించి, "అన్నా, ఇది ఇంట్ల ఉంచుకోవచ్చునా?" అని అడిగింది.

ఉంచుకోరాదు. లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. 1959 ఆయుధ చట్టం 21వ సెక్షను ప్రకారం అనవసర జాప్యం లేకుండా దగ్గరి ఠాణాలో గాని, నిబంధనలకు లోబడి లైసెన్సు గల డీలరు వద్ద గాని జమ చేయాలి. గడువులోపల వారసులు తమ పేర లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకొనవచ్చును. లేదా అర్హత గలవారికి అమ్మించవచ్చును. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే, 2019 సవరణ తరువాత, రెండు నుండి అయిదేండ్ల జైలు.

తూటాలు నింపుట మరింత ప్రమాదము. తూటా భాగాలు, తూటా చేసే యంత్రం కూడా ఈ చట్టంలో మందుగుండు కిందికే వస్తాయి. అనుమతి లేని తయారీకి శిక్ష ఏడేండ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చును. అమెరికాలో ఆట అయినది ఇక్కడ కేసు అవుతుంది. పిల్లవాడికి ఈ మాట నెమ్మదిగా చెప్పినాను. విన్నాడు. ముందుగా ఠాణాకు కబురు చేసి, అన్నీ అప్పగించి, తుపాకి నంబరు, తూటాల లెక్క వేయించి ఆ ఇంటివారు రసీదు తీసుకున్నారు.

లైసెన్సు ఉన్న మిత్రులకు మూడు మనవులు.

ఒకటి: 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్భై ఏండ్లు నిండినా, తుపాకి ఇరవై అయిదేండ్లు తన వద్ద ఉన్నా, బ్రతికి ఉండగానే అర్హుడైన వారసుని పేర లైసెన్సుకు దరఖాస్తు చేయించవచ్చును. మనలో చాలామందికి ఆ వయసు దాటినది. వాయిదా వేయవద్దు.

రెండు: 2019 సవరణతో ఒక మనిషికి మూడుకు బదులు రెండే తుపాకులు. లైసెన్సు గడువు మాత్రం మూడేండ్ల నుండి అయిదేండ్లకు పెరిగినది. మీ పుస్తకము ఒకసారి తీసి తేదీ చూసుకొనండి.

మూడు: పందులు చేను పాడుచేసినా అనుమతి లేకుండా కాల్చవద్దు. అది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరము.

పెన్షన్ కాగితాలు, బ్యాంకు పుస్తకాలు ఎక్కడ ఉన్నవో ఇంట్లో చెబుతాము. తుపాకి ఉన్నవారు దాని లైసెన్సు ఎక్కడ ఉన్నదో, తమ తరువాత ఏమి చేయాలో ఇల్లాలికీ, పిల్లలకూ ఈ రోజే చెప్పండి. మనం పోయిన తరువాత మనవాళ్లు మన కోసం ఏడవాలి గాని, ఠాణా మెట్ల మీద భయంతో నిలబడరాదు.