దూకిన బిడ్డ కథ పిల్లలకు ఎలా చెప్పాలి?



డిసెంబరు 7వ తేదీన పిల్లలు బడి నుంచి చొక్కాకు చిన్న జెండా అంటించుకుని వస్తారు. "సాయుధ దళాల పతాక దినమట అమ్మా, పది రూపాయలిచ్చాను" అంటారు. 1949 నుంచీ నడుస్తున్న ఆనవాయితీ యిది. ఆ పది రూపాయలతో మన వంతు తీరిందనుకుని మనం తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోతాం. సైనికుడు అనగానే తుపాకి, సరిహద్దు, శత్రువు, యివే కదా మన కళ్ళ ముందు మెదిలేవి! నేను చెప్పబోయే సైనికుణ్ణి శత్రువు చంపలేదు. ఒక కొండవాగు తీసుకుపోయింది.

ఆ బిడ్డ పేరు లెఫ్టినెంట్ శశాంక్ తివారి. వూరు అయోధ్య. వయస్సు 23 సంవత్సరాలు. 2024 డిసెంబరులో ఆఫీసరుగా చేరాడు. ఆరు నెలలు నిండలేదు. సిక్కిం స్కౌట్స్ అనే పటాలంలో వుద్యోగం. 2025 మే 22న ఉత్తర సిక్కింలో, ముందున్న ఒక స్థావరానికి దారి సరిచూసుకుంటూ వెళ్ళే దళానికి నాయకుడుగా నడుస్తున్నాడు. ఉదయం పదకొండు గంటల వేళ వాగు మీద దుంగల వంతెన దాటుతుండగా ఒక అగ్నివీర్ కుర్రవాడు కాలు జారి నీళ్ళలో పడ్డాడు. ఆ కొండల్లో వాగు అంటే మన వాగుల్లాగా యిసుక మీద పారేది కాదు. మంచు కరిగి, రాళ్ళ మధ్య తోసుకుంటూ వచ్చే నీరు. ఒళ్ళు కొయ్యబారే చలి. శశాంక్ వెంటనే దూకాడు. అతని వెనక యింకొక సైనికుడూ దూకాడు. యిద్దరూ కలిసి కొట్టుకుపోతున్న కుర్రవాణ్ణి పట్టుకున్నారు, గట్టుకు చేర్చారు. కాని శశాంక్‌ను ప్రవాహం లాక్కుపోయింది. అరగంట తర్వాత దిగువన 800 మీటర్ల దూరంలో అతని దేహం దొరికింది.

ఆ తల్లిదండ్రులకు అతనొక్కడే కొడుకు. ఒక ఆడపిల్ల వుంది. ఆ యేడాది ఆగస్టు 15న ప్రభుత్వం కీర్తి చక్ర ప్రకటించింది. యుద్ధభూమిలో కాకుండా మరోచోట చూపిన సాహసానికి యిచ్చే పతకాల్లో అశోక చక్ర తర్వాతది అదే.

యీ సంగతి మా సుబేదారిలో నలుగురం కూర్చున్నప్పుడు చెప్పాను. అన్నట్టు, పేరులో సుబేదారు వున్నాడు కదా అని మాది సైనికుల పేట అనుకునేరు. నిజాం కాలంలో వరంగల్ ఒక సుబా. ఆ సుబాను యేలే పెద్ద అధికారి సుబేదారు. ఆయన వున్న చోటు గనుక సుబేదారి. పటాలాలతో మాకు పెద్దగా సంబంధం లేదు. అయినా విన్నవాళ్ళంతా కంటనీరు పెట్టుకున్నారు. అందులో ఒక పెద్దావిడ మాత్రం కళ్ళు తుడుచుకుంటూనే, "యీ కథ మా మనుమనికి చెప్పకు బిడ్డా. వాడు వడ్డేపల్లి చెరువుల దుంకుతడు" అన్నది.

ఆ మాట మీరు నవ్వి వదిలెయ్యకండి. మనలో ప్రతి తల్లికీ లోపల వున్న మాటే అది. ఎవరి బిడ్డో దూకితే దండం పెడతాం. మన బిడ్డ దూకకూడదు అనుకుంటాం. యిందులో దాచుకోవలసినది యేమీ లేదు. ఆ అయోధ్య తల్లి మాత్రం వేరేగా అనుకుని వుంటుందా? "నీ కొడుకు దేశానికే గర్వకారణం, ఏడవకమ్మా" అని వెళ్ళినవాళ్ళంతా చెప్పే వుంటారు. నాకైతే ఆ వోదార్పు నచ్చదు. గర్వం అనే మాట తల్లి నోటి నుంచి రావాలి గాని మనం ఆమె చేతిలో పెట్టేది కాదు.

మరి పిల్లలకు చెప్పొద్దా? చెప్పాలి. అయితే సగం చెప్పకూడదు. "మిత్రుడు మునుగుతుంటే దూకాడు, వీరుడయ్యాడు" అని అక్కడ ఆపితే పిల్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే, దూకడమే వీరత్వమని. మిగతా సగం కూడా చెప్పాలి. శశాంక్ ఆ దళానికి నాయకుడు. పడ్డవాడి బాధ్యత అతనిది. అతను సైన్యంలో కఠినమైన శిక్షణ పొందినవాడు. అతని వెనక యింకొక శిక్షణ వున్న మనిషి దూకాడు. యిన్ని వుండి కూడా ఆ నీరు అతణ్ణి వదల్లేదు. మన పిల్లలకు వీటిలో ఒక్కటీ వుండదు. వుండేదల్లా స్నేహం ఒక్కటే.

స్నేహం ఎంత పని చేస్తుందో మన వరంగల్ వాళ్ళకు తెలియనిది కాదు. 2016లో ధర్మసాగర్ రిజర్వాయరు దగ్గర ఫోటోలు తీసుకుంటూ ఇంజనీరింగు చదివే పిల్లలు అయిదుగురు పోయారు. ఒకరు జారితే చెయ్యి అందించబోయి మిగతావాళ్ళు. ఆ చేతులు అందించిన పిల్లలకు శశాంక్ కన్నా ధైర్యం తక్కువ అనగలమా? నేననలేను. వాళ్ళకు ఎవ్వరూ నేర్పలేదు, అంతే.

నీళ్ళలో మునిగేవాడు సినిమాలో లాగా "రక్షించండి!" అని అరవడు. శ్వాస ఆడితే కదా గొంతు లేచేది! తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చేతులతో నీటిని కిందికి నొక్కుతుంటాడు. గట్టు మీదివాళ్ళకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తాడు. చాలాసార్లు నిమిషం లోపలే మునిగిపోతాడు. ఆ క్షణంలో అతనికి ఎవరు చిక్కినా మెడ చుట్టి, భుజాల మీదికెక్కి పైకి లేవాలని చూస్తాడు. అతని తప్పు కాదు, ప్రాణం చేసే పని అది. అందుకే ఈత వచ్చినవాళ్ళు కూడా కాపాడబోయి పోతారు. దగ్గరికి వెళ్ళకుండా యేదైనా అందించడమే మొదటి పని. కర్ర, కొమ్మ, తాడు. యేదీ లేకపోతే మన ఒంటి మీదో, గట్టు మీదో చీరె వుంటుంది కదా! ఆరు గజాల చీరె. రెండు కలిపి ముడివేస్తే పన్నెండు గజాలు. గట్టున బోర్లా పడుకుని, కాళ్ళు యింకొకరు పట్టుకోగా, కొస విసరాలి. మూత బిగించిన ఖాళీ నూనె క్యాను తాడుకు కట్టి విసిరితే మరీ మంచిది. అది తేలుతుంది, మనిషినీ తేలుస్తుంది. మన పెద్దలు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి పిల్లలకు ఈత నేర్పినది యీ లెక్క మీదే.

తేలే వస్తువు సంగతి వచ్చింది గనుక సముద్రం మీద జరిగిన ఒక సంగతి కూడా చెప్పాలి. 1971 యుద్ధంలో మన విశాఖపట్నం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోవడం చాలామందికి తెలుసు. బీచి రోడ్డు మీద దాని విజయ చిహ్నం చూసే వుంటారు. అదే నెల 9వ తేదీ రాత్రి పడమటి సముద్రంలో, డయ్యూకు దూరంగా, మన ఖుక్రి అనే యుద్ధనౌకను శత్రు జలాంతర్గామి దెబ్బ తీసింది. నిమిషాల్లో ఓడ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా వీలైనంతమందిని నీళ్ళలోకి పంపి, తన లైఫ్ జాకెట్టు ఒక నావికుడికి యిచ్చేసి, తాను ఓడలోనే వుండిపోయాడు. జాకెట్టు అంటే మనం తొడుక్కునేది కాదు లెండి, మనిషిని నీటి మీద తేల్చి వుంచే కోటు. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. ఆ ఓడ పేరే పెట్టిన మరో ఖుక్రి ముప్పై రెండేళ్ళు పని చేసి 2021 డిసెంబరులో మన విశాఖలోనే విశ్రాంతి తీసుకుంది. తర్వాత దాన్ని డయ్యూకే యిచ్చారు.

శశాంక్ దూకాడు, ముల్లా దూకలేదు. యిద్దరూ చేసింది ఒకటే కదా, తనకు దక్కవలసిన వూపిరి యింకొకరికి యిచ్చారు. పిల్లలకు యీ రెండు కథలూ పక్కపక్కన చెప్పి చూడండి. దూకడం మీద వుండే మోజు కొంచెం తగ్గి, యిచ్చిన దాని విలువ తెలుస్తుంది.

అందరూ యూనిఫారం వేసుకున్నవాళ్ళే కారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర విహారపు పడవ మునిగినప్పుడు మన కడిపికొండ నుంచి 14 మంది అందులో వున్నారు. అయిదుగురే తిరిగి వచ్చారు. మొత్తం మీద బతికిన 26 మందిలో ఎక్కువమందిని నాటుపడవల మీద వచ్చి గట్టుకు చేర్చినవాళ్ళు పక్కనే వున్న తూటుగుంట గిరిజనులు. వాళ్ళు నీళ్ళలోకి వురకలేదు. నది యెరిగినవాళ్ళు గనుక పడవ తెచ్చారు. నాకు ఆ పడవ తేవడం మీద యెంతో గౌరవం. యిలాంటివాళ్ళ కోసం ప్రభుత్వం 1961 నుంచి జీవన రక్షా పతకాలు యిస్తున్నది. నీటి నుంచి, నిప్పు నుంచి, ప్రమాదం నుంచి ప్రాణం కాపాడినవాళ్ళకు. ఆడవాళ్ళకూ యిస్తారు. అడిగేవాళ్ళు లేక, రాసి పంపేవాళ్ళు లేక యెన్ని సాహసాలు వూళ్ళోనే మరుగున పడిపోతున్నాయో!

యిక మన సంగతి. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో నీట మునిగి పోయినవాళ్ళు 38 వేలకు పైగా. మనం నీళ్ళ దగ్గరికి వెళ్ళనివాళ్ళమా? సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గర, వడ్డేపల్లి చెరువు దగ్గర, భద్రకాళి చెరువు దగ్గర యెంతమంది ఆడవాళ్ళం చేరతామో మీకు తెలుసు. చీకటి, రద్దీ, పాచి పట్టిన మెట్లు, నెత్తిన బతుకమ్మ, చంకన పిల్ల. పట్టుచీరె తడిసిందంటే కాళ్ళకు చుట్టుకుంటుంది, ఈత వచ్చినవాళ్ళకే కాలు ఆడదు. మనలో యెందరికి ఈత వచ్చు? మగపిల్లలకైనా మోటబావుల్లో మేనమామలు నేర్పేవారు. ఆడపిల్లలకు "సిగ్గు లేదా" అనేవారు. యిప్పుడు బావులూ లేవు, మేనమామలకు తీరికా లేదు. ఆడపిల్లకు సంగీతం మాస్టరును పెట్టగలిగినప్పుడు ఈత నేర్పించడానికి వెనుకాడవలసిన పని లేదు.

ఒకవేళ యెవరినైనా పైకి తీస్తే, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం, తలకిందులు చేసి తిప్పడం వద్దు. పాత అలవాటు, కాని దాని వల్ల కాలం పోతుంది. శ్వాస ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి గాలి వూదాలి. తర్వాత రొమ్ము మధ్య నొక్కుతూ, మధ్యమధ్య గాలి వూదుతూ వుండాలి. ఆ లోగా యింకొకరు 108కి ఫోను చెయ్యాలి. యిది చేతులతో నేర్చుకోవలసిన విద్య. రేడియోలో విన్నంత మాత్రాన రాదు. తెలిసిన నర్సమ్మనో డాక్టరునో మీ మహిళా మండలికి పిలిచి ఒక పూట నేర్చుకోండి.

సద్దుల నాడు మా వాడ నుంచి చెరువుకు వెళ్ళేటప్పుడు తాంబాళాలతో పాటు ఒక తాడు, మూత బిగించిన రెండు నూనె క్యాన్లు పట్టుకుపోవాలని అనుకున్నాం. క్యాన్లు దొరికాయి. తాడు యిరవై గజాలన్నా వుండాలన్నారు. మా యింట్లో బావికి వాడినది కొలిస్తే పన్నెండే వచ్చింది. మిగతా యెనిమిది గజాలు నేనిస్తానని ఆ పెద్దావిడే, మనుమనికి కథ చెప్పొద్దన్న ఆవిడే, అటక మీద వెతుకుతోంది.