మక్కల పుట్టింటికే మక్కలు అమ్మిన ఒప్పందం



ప్రాంతీయ స్వేచ్ఛా వాణిజ్యం అనగానే పాలకులు చెప్పే మాట ఒకటే. సుంకాలు పోతే సరుకు చవకవుతుంది, కొలువులు పెరుగుతాయి, అందరూ బాగుపడతారు. ఈ మాట నమ్మి సంతకం పెట్టిన మెక్సికో ఏమైందో చూద్దాం.

1994 జనవరి 1న అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య నాఫ్టా ఒప్పందం అమల్లోకి వచ్చింది. అదే రోజు చియాపాస్ రాష్ట్రంలో జపతిస్తాల పేరుతో ఆదివాసులు తిరగబడ్డారు. ఎందుకు? అప్పటికే 1992లో రాజ్యాంగం 27వ అధికరణాన్ని సవరించి, ఊరుమ్మడి భూముల అమ్మకానికి సర్కారు దారి తెరిచింది. ఇక పంటకూ రక్షణ పోబోతోంది.

మక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. మక్కరొట్టె లేనిదే అక్కడ పూట గడవదు. అందుకే ఒప్పందంలో మక్కలకు 15 ఏళ్ల గడువు పెట్టారు. మొదటి ఏడాది 25 లక్షల టన్నుల దాకా సుంకం లేదు. అది దాటితే 200 శాతానికి పైగా సుంకం వేయొచ్చు. కాగితం మీద కంచె గట్టిదే. కానీ చాలా ఏళ్లు ఆ సుంకాన్ని మెక్సికో సర్కారే వసూలు చేయలేదు. దాణా కంపెనీలకు చవక మక్కలు కావాలి మరి! అటు అమెరికా తన రైతులకు సబ్సిడీలు ఆపలేదు. ఆపాలన్న షరతూ ఒప్పందంలో లేదు. వాన కోసం ఎదురుచూసే చిన్న రైతు, వందల ఎకరాల్లో యంత్రాలు నడిపే రైతుతో ఒకే అంగడిలో పోటీపడాల్సి వచ్చింది.

లాభమే రాలేదా? వచ్చింది. ఎగుమతులు ఎన్నో రెట్లు పెరిగాయి. ఉత్తరాన కార్ల ఫ్యాక్టరీలు వెలిశాయి. నీటి వసతి ఉన్న పెద్ద రైతులు టమాటాలు అమ్ముకున్నారు. దక్షిణాన ఊళ్లు ఖాళీ అయ్యాయి. పొలం విడిచిన వాళ్లందరికీ ఫ్యాక్టరీల్లో కొలువులు దొరకలేదు. లక్షల మంది సరిహద్దు దాటారు. సరుకుకు దొరికిన స్వేచ్ఛ మనిషికి దొరకలేదు.

2008 జనవరి 1న మిగిలిన సుంకమూ పోయింది. మక్క లేనిదే దేశం లేదంటూ రైతులు రాజధానిలో కదం తొక్కారు. 2020 జులై 1న నాఫ్టా పోయి కొత్త ఒప్పందం వచ్చింది. అమెరికా మక్కల మీద సుంకం మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి ఏ ఒప్పందం వచ్చినా లెక్క అడగండి. అవతలివాడి సబ్సిడీ ఎంత? గడువు ముగిసేలోగా మన రైతుకు నీళ్లు, అప్పు, అంగడి ఎవరు సమకూరుస్తారు? నష్టపోయే ప్రాంతం తరఫున బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? అడిగితే ఏమొస్తుందని అనుకోకండి. ఆర్‌సెప్ ఒప్పందం మీద దేశమంతటా పాడి రైతుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2019 నవంబరు 4న భారత్ అందులో చేరబోనని ప్రకటించింది. సంతకానికి ముందు అడిగిన ప్రశ్నకే విలువ.