సర్వరునకు వలయు సంభారములు

లినక్సు సర్వరునకు వలసిన ప్యాకేజీలను పరీక్షించి స్థాపించు విధానమును గూర్చి నేడు ముచ్చటించెదను. ఇది మనకేల యని విసుగుకొనవలదు. మన యూళ్ళనుండి హైదరాబాదునకును బెంగుళూరునకును అమెరికాకును బోయిన పిల్లలలో ననేకుల కొలువు ఈ సర్వరులను గాచుటయే. వారు నిద్రమాని చేయు పని యేదియో ఇంటి పెద్దలకు దెలియకుండుట న్యాయము కాదు.

సర్వరనగా ఇతర కంప్యూటరు లడిగినదాని నహోరాత్రము లందించుచుండు కంప్యూటరు. దానిని నడుపు మూలతంత్రమగు లినక్సును 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దానిపై బనిచేయు ప్రోగ్రాములను మూటలుగా గట్టి యుంతురు. ఆ మూటయే ప్యాకేజీ. 1993లో ఇయన్ మర్డాక్ తన ప్రియురాలు డెబ్రా పేరును దన పేరుతో జేర్చి, డెబియన్ అను లినక్సు శాఖను స్థాపించెను. వైయాకరణులు దీనిని ద్వంద్వసమాసముగా నంగీకరింతురేమో! నేను చెప్పు పద్ధతి యా డెబియనుదే.

ప్యాకేజీ యొంటరిగా రాదు. పెండ్లికి ఒక చుట్టమును బిలిచిన ఇంటిల్లిపాదియు దిగినట్లు, ఒకటి కోరిన దానికి ఆధారమైనవి పది వెంటవచ్చును. కావున మొదట ఇంట నున్నదేదో చూచుకొనవలెను. డీపీకేజీ అను పనిముట్టు స్థాపితమైన ప్యాకేజీలను వాని వర్షను సంఖ్యలతో జూపును. పిమ్మట ఆప్ట్ అప్‌డేట్ అను నాజ్ఞ నీయవలెను. క్రొత్తవారు దీనితోనే సరకు వచ్చిన దనుకొందురు. అంగడిలో నేమేమి యున్నవో తెలుపు పట్టికను మాత్రమే అది క్రొత్తది చేయును. సరకు దెచ్చునది ఆప్ట్ ఇన్‌స్టాల్. దానికి సిమ్యులేట్ అను మాట చేర్చినచో, ఏమియు మార్పక, జరుగబోవు దానిని జెప్పును. అందు చేరబోవు వానికంటె తొలగబోవు వానిని శ్రద్ధతో జదువవలెను. పనిచేయుచున్న సర్వరు నిలిచిపోవుట తరచుగా నచ్చటనే.

పట్టికపై డెబియన్ వారి ముద్ర యుండును. ప్యాకేజీలో నొక్క యక్షరము మారినను పట్టికలోని గుర్తుతో సరిపోలదు. ఆప్ట్ దానిని నిరాకరించును. అయినను ముద్రయే చాలదు. ఎక్స్‌జెడ్ అను ప్రోగ్రాము దస్త్రములను గుదించునది. ఒకడు రెండేండ్లకు పైగా దాని నిర్వాహకునకు సాయపడి నమ్మకము సంపాదించి, తానును నిర్వాహకుడై, 5.6.0, 5.6.1 వర్షనులలో దొంగదారి నమర్చెను. ముద్రలన్నియు సరిగానే యుండెను! సర్వరులో బ్రవేశించుటకు అర సెకను జాగగుచున్న దని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను నింజనీరు శంకించి, వెదకి, 2024 మార్చి 29న లోకమునకు వెల్లడించెను. ఎంత సూక్ష్మదృష్టి!

డెబియన్ స్థిరశాఖలోనికి ఆ వర్షనులు రాలేదు. పరీక్షాశాఖలకు మాత్రము వచ్చెను. క్రొత్తదానికి దొందరపడని వారు బ్రతికిరి. తక్కినవారు తమ యంత్రములలో నున్నది ఏ వర్షనో డీపీకేజీ నడిగి చూచుకొనిరి. ఆప్ట్ తనంతట చిన్న సంఖ్యకు వెనుకకు బోదు. అందుచే డెబియన్ వారు పాత సరకునే మూటగట్టి, దానిపై 5.6.1 ప్లస్ రియల్లీ 5.4.5 అని వ్రాసి పంపిరి. రియల్లీ యనగా నిజముగా నని యర్థము. పేరు హాస్యముగా నున్నను, ఆ మూట చేరిన యంత్రములలో దొంగదారి మూతపడెను.