బోనులో లేని ఇద్దరు

(ప్రసంగ పాఠం)



స్త్రీల మీద జరిగిన హత్యల గురించి, కోర్టుల్లో వీగిపోయిన కేసుల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి స్త్రీయే చంపిన ఒక కథ గురించి మాట్లాడతాను. అది ఇద్దరు స్త్రీల ప్రేమకథ కూడా. సారా వాటర్స్ అనే బ్రిటిష్ రచయిత్రి 2014లో రాసిన ‘ద పేయింగ్ గెస్ట్స్’ నవల. లెస్బియన్, గే చారిత్రక కాల్పనిక సాహిత్యం మీదే ఆమె డాక్టరేటు చేసింది. ముగింపు కూడా చెప్పేస్తున్నాను, చదవాలనుకున్నవాళ్ళు క్షమించాలి.

1922, లండన్. ఫ్రాన్సెస్‌కి ఇరవయ్యారేళ్ళు. అన్నదమ్ములు యుద్ధంలో పోయారు. తండ్రి అప్పులు మిగిల్చి చనిపోయాడు. పెద్ద ఇల్లుంది, దాన్ని నడిపే డబ్బు లేదు. పనిమనిషిని పెట్టుకునే స్తోమత లేక తనే నేల కడుగుతుంది. కూతురలా మోకాళ్ళమీద వంగి ఉంటే తల్లి చూడలేదు. చివరికి ఇంట్లో కొంత భాగం ఒక గుమాస్తా దంపతులకి అద్దెకిస్తారు. లెనర్డ్, అతని భార్య లిలియన్. ఫ్రాన్సెస్, లిలియన్ ప్రేమించుకుంటారు.

హత్య దగ్గరికి రావడానికి నవల సగందాకా పడుతుంది. చాలామంది అంత నెమ్మది ఎందుకని విసుక్కున్నారు. నాకు ఆ సగమే ఎక్కువ ఇష్టం. మెట్లమీద ఎవరి అడుగులు, తల్లి ఏ గదిలో ఉంది, భర్త ఎన్నింటికి వస్తాడు... ఇంటిచాకిరీకీ నిఘాకీ మధ్య ఇద్దరు స్త్రీలకి ఓ గంట దొరకడం ఎంత కష్టమో రచయిత్రి ఓపిగ్గా చూపిస్తుంది.

లిలియన్ గర్భవతి అవుతుంది. గర్భం పోగొట్టుకోవడానికి మాత్రలు మింగుతుంది. 1861 నాటి చట్టం ప్రకారం అప్పటి ఇంగ్లండులో అది యావజ్జీవ శిక్ష పడగల నేరం. ఆ రాత్రే భర్త ముందుగా ఇంటికొస్తాడు. పెనుగులాటలో లిలియన్ యాష్ ట్రేతో కొట్టిన దెబ్బకి చచ్చిపోతాడు. ఇద్దరూ శవాన్ని ఇంటి వెనక సందులోకి ఈడ్చుకెళ్తారు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ఈ నవలకి ప్రేరణ ఎడిత్ థాంప్సన్ కేసు. 1922 అక్టోబరులో ఆమె భర్తని ఆమె ప్రేమికుడు బైవాటర్స్ పొడిచి చంపాడు. ఎడిత్‌కి ఏమీ తెలియదని అతను చివరిదాకా చెప్పాడు. కోర్టు ఆమె రాసిన ప్రేమలేఖల్ని సాక్ష్యంగా చదివించింది. ఉద్యోగం చేసుకుంటూ, పెళ్ళయ్యాక కూడా తనకంటే చిన్నవాణ్ణి కోరుకున్న స్త్రీ అన్నదే ఆమె అసలు నేరమైపోయింది. 1923 జనవరి 9న ఇద్దర్నీ ఉరితీశారు.

వాటర్స్ ఆ మగ ప్రేమికుడి స్థానంలో ఒక స్త్రీని పెట్టింది. అంతే, కేసు మొత్తం తలకిందులైంది. ఎడిత్‌ని ఉరికంబమెక్కించిన న్యాయవ్యవస్థకి ఫ్రాన్సెస్ కనిపించనే కనిపించదు. విధవరాలి పక్కన ఓదార్చే స్నేహితురాలు, ఇంటి యజమానురాలి కూతురు, మర్యాదస్తురాలు. ఆమెని ఎవరు అనుమానిస్తారు?

ఇది కేవలం కల్పన కాదు. 1921లో స్త్రీల మధ్య లైంగిక సంబంధాన్ని నేరం చెయ్యాలని బ్రిటిష్ కామన్స్ సభ ఒక నిబంధన చేర్చింది. ప్రభువుల సభ తోసిపుచ్చింది. జాలితో కాదు. ఇలాంటిదొకటి ఉందని చాలామంది ఆడవాళ్ళకి తెలియదు, చట్టం చేసి మనమే నేర్పినట్టవుతుందన్నారు. కనిపించినప్పుడు ఏమయ్యేదో అమెరికాలో 1892 నాటి మెంఫిస్ కేసు చెపుతుంది. ఆలిస్ మిచెల్ తను పెళ్ళాడాలనుకున్న ఫ్రెడా వార్డ్‌ని చంపింది. ఆ పెళ్ళి కోరికనే ఆమె తరపు లాయర్లు పిచ్చికి రుజువుగా చూపించారు. జ్యూరీ ఒప్పుకుంది. ఆలిస్‌ని పిచ్చాసుపత్రికి పంపారు.

కనిపించకపోవడం ఫ్రాన్సెస్, లిలియన్‌లని కాపాడింది. కానీ ఆ రక్షణకి వెల ఇంకొకరు కట్టాల్సి వచ్చింది. లెనర్డ్‌కి సంబంధమున్న ఒక అమ్మాయి కాబోయే భర్తని, బీదింటి కుర్రాణ్ణి, పోలీసులు పట్టుకుంటారు. నేరం రుజువైతే ఉరే. ఓల్డ్ బెయిలీ కోర్టులో అతను బోనులో, వీళ్ళిద్దరూ చూడవచ్చిన జనంలో. నిజం తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే, ఇద్దరూ నోరు విప్పరు. ఆ భయంలో ప్రేమ కూడా చెడుతుంది. బీమా డబ్బు కోసం తనని వాడుకుందేమోనని ఫ్రాన్సెస్ లిలియన్‌నే అనుమానిస్తుంది.

మనకి మచ్చలేని బాధితురాలు కావాలి. అలాంటి స్త్రీ కోసమే ధర్నా చేస్తాం, అలాంటి స్త్రీకే వకీలుని వెతుకుతాం. ఈ ఇద్దర్ని ఏం చేస్తాం? చదువుతున్నంతసేపూ వీళ్ళు దొరక్కూడదనే కోరుకున్నాను. ఆ కుర్రాడు గుర్తొచ్చినప్పుడు సిగ్గుపడ్డాను.

ఒకసారి ఓ సలహా కేంద్రంలో నమోదు ఫారాలు చూస్తున్నాను. ‘వెంట వచ్చినవారితో సంబంధం’ అన్న గడిలో కార్యకర్త ‘స్నేహితురాలు’ అని రాసింది. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ పరిధినుంచి పెద్దల ఇష్టపూర్వక సంబంధాల్ని తీసేసింది. 2023 అక్టోబరు 17న మాత్రం వాళ్ళ పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. నేరం పోయింది, గడిలో రాసుకోవడానికి మాట ఇంకా రాలేదు. ఆసుపత్రిలోనో పోలీసు స్టేషన్లోనో “మీరు ఆమెకి ఏమవుతారు?” అని అడిగితే ఏ జవాబు చెప్పాలో వాళ్ళు లోపలికి వెళ్ళేముందే నిర్ణయించుకోవాలి.

నవలలో జ్యూరీ ఆ కుర్రాడు నిర్దోషి అంటుంది. ఫ్రాన్సెస్ కోర్టునుంచి బయటపడి నడుచుకుంటూ థేమ్స్ మీద వంతెన దగ్గరికొస్తుంది. తర్వాత లిలియన్ వస్తుంది. పక్కపక్కన నిలబడతారు. మొన్న మా చదువరుల బృందంలో ఒక కార్యకర్త అడిగింది: “అతన్ని దోషి అని ఉంటే వీళ్ళు లేచి నిజం చెప్పేవాళ్ళా మేడమ్?” చెప్పేవాళ్ళేనని ఇద్దరన్నారు. లేదని తక్కినవాళ్ళన్నారు. నన్నడిగితే, లిలియన్ చెప్పేదేమో. ఫ్రాన్సెస్ గురించి నాకు నమ్మకం లేదు.