ఆరవయేటి దవడపన్ను
(సంఘ కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పసిబిడ్డకు తొలిపన్ను మొలచుచున్నదనగానే మనయింట అందరును ఆ నోటిలోనికి తొంగిచూతురు. క్రిందిది ముందు వచ్చినదా, పైది ముందు వచ్చినదా యని విచారింతురు. పైది ముందు వచ్చినచో మేనమామకు కీడని మన పెద్దల నమ్మకము గదా! మరల ఆరేడేండ్లకు పాలపన్ను ఊడినప్పుడు దానిని పేడముద్దలో నుంచి ఇంటికప్పు మీదికి విసరుట మరియొక వేడుక. హోసూరున నున్నను, కోలారున నున్నను ఈ ముచ్చటలను మనవారు మరువలేదు. సంతోషమే. కాని ఈ రెంటి నడుమ గల ఆరేండ్లలో బిడ్డ నోటిని చూచువారు లేరు. మేమును చూడలేదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మా మనుమరాలికి ఎనిమిదవయేట క్రింది దవడపన్ను పుచ్చినది. చల్లని నీరు త్రాగినప్పుడు పన్ను జివ్వుమనుచున్నదని ఆ బిడ్డ నెలల తరబడి చెప్పుచునే యుండెను. "పాలపన్నే గదా, అదే ఊడిపోవును" అని మేమే సమాధానపరచితిమి, లవంగనూనె పెట్టితిమి. తుదకు చెక్కిలి వాచి, జ్వరము వచ్చి, రాత్రియంతయు ఏడ్చిన పిమ్మట దంతవైద్యురాలి యొద్దకు తీసికొనిపోతిమి. ఆమె తమిళమున "పల్ కూచ్చం" ఎన్నాళ్ల నుండి యని యడుగగా పిల్ల బిక్కమొగము వేసినది. ఇంటిలో నేర్చిన "జివ్వు" మాటయే దానికి తెలియును. ఆ మాటను వైద్యురాలికి చేరవేయవలసిన మేమే దానిని పెడచెవిని బెట్టియుంటిమి. "ఇది పాలపన్ను కాదు, ఊడినచో మరల రాదు" అని ఆమె చెప్పెను. వేరు వరకు చెడినందున తీసివేయక తప్పలేదు.

మేము చేసిన పొరపాటు మీ యింటను జరుగవచ్చును. పాలపండ్లు 20. అవి ఆరవ నెల మొదలు మూడేండ్లలోపల వచ్చును. సుమారు ఆరవయేట వాటి వెనుక, ఏ పన్నును ఊడకయే, పైని రెండు, క్రింద రెండు దవడపండ్లు చిగురు చీల్చుకొని వచ్చును. ఇవి జీవితాంతము ఉండవలసినవి. ఊడినది లేదు గనుక వేడుక లేదు, వేడుక లేదు గనుక ఎవరికిని తెలియదు. పైగా వీని నెత్తిన లోతైన గాళ్లుండును. సగము మొలచిన దశలో బ్రష్షు అందదు. ఆ గాళ్లను దంతవైద్యులు పలుచని సీలెంటు పూతతో పూడ్చగలరు. అదనులో చూపవలెను, అంతే.

ఇక పాలపండ్లు ఎటులైనను ఊడునవే యనుమాట. వెనుకటి పాలపండ్లు 10, 12 ఏండ్ల వరకు ఉండును. అవి ముందే పోయినచో ప్రక్కపన్ను ఒరిగి, రాబోవు పన్నునకు చోటు చాలదు. వాని ఎనామెలు పొర పలుచన గనుక పుప్పి త్వరగా లోనికి దిగును. తొలుత చిగురు దాపున సుద్దవంటి తెల్లని మచ్చ మాత్రమే కనబడును. అప్పుడు నొప్పి యుండదు. ఆ దశలో ఫ్లోరైడు పూతతోను, శుభ్రతతోను దానిని మరలింపవచ్చును. నొప్పి పుట్టుసరికి ఆ యవకాశము దాటిపోవును. కావున మొదటి పుట్టినరోజు నాటికే ఒకసారి చూపి, పిమ్మట ఆరునెలల కొకసారి గాని, వైద్యులు చెప్పిన గడువున గాని చూపవలెను. తల్లి యొడిలోనే కొద్ది నిమిషములలో పరీక్ష ముగియును. పాలసీసా నోట నుంచుకొని నిద్రించు అలవాటు కలదేమో అప్పుడే చెప్పుడు. నిద్రలో లాలాజలము తగ్గును. పాలలోని చక్కెర పండ్లను పట్టి యుండును. మూడేండ్లలోపు వారికి బియ్యపుగింజంత, ఆ పిమ్మట బఠానీగింజంత ఫ్లోరైడు పేస్టు చాలును. ఏడెనిమిదేండ్ల వరకు పెద్దలే తోమవలెను.

కృష్ణగిరి, ధర్మపురి, కోలారు ప్రాంతములవారికి మరియొక మాట. నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. మీ ప్రాంతపు బోరునీళ్లలోను పలుచోట్ల అది మిక్కుటము. శాశ్వతపు పండ్లు దవడలో శైశవముననే రూపొందును గనుక అప్పుడు త్రాగిన నీటి మచ్చ ఏడవయేట బయటపడును. తోముకొనలేదని పిల్లలను కొట్టకుడు. ఆ గోధుమరంగు తోమినను పోదు. ఏ నీరు త్రాగుచున్నారో వైద్యులకు చెప్పి, పేస్టు మాట అడుగుడు.

చెన్నపట్నమున 1953 నుండి, బెంగళూరున 1958 నుండి ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. బొంబాయి నాయర్ దంతవైద్య కళాశాల 1933 నాటిది. అంత దూరము పోజాలనివారు జిల్లా ఆసుపత్రిలో విచారింపవచ్చును.

ఈ రాత్రి మీ యింటి ఆరేడేండ్ల బిడ్డను దీపము వద్ద కూర్చుండబెట్టి, క్రింది వరుసలో నడుమ నుండి ఒక ప్రక్కకు లెక్కింపుడు. అయిదు పాలపండ్లు; ఆరవది కనబడినచో అదే ఆ దవడపన్ను. మా మనుమరాలికి మిగిలిన మూడింటికిని పూత వేయించినాము. వచ్చునెల మరల చూపవలసి యున్నది.