తరగతి గది వెలుపల ఒక దినము

(ముమ్మిడివరములో సంఘస్థుల కూటమున చేసిన ప్రసంగము)



ఈ శతవార్షికోత్సవ సందర్భములో నా విదేశ విద్యను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పుస్తకములలో చదివినది చెబితే మీకు నిద్ర వస్తుంది. కాబట్టి తరగతులకు సెలవైన ఒక దినమున నేర్చుకొన్నది చెబుతాను.

నేను నెదర్లాండ్స్ దేశములో వేదాంత విద్య అభ్యసిస్తున్న రోజులవి. 2010 అక్టోబరులో ఒక శనివారము, అక్కడి సంఘ పెద్ద ఒకాయన నన్ను తన కారులో జీలండ్ అనే ప్రాంతమునకు తీసికొని వెళ్లారు. అది మన కోనసీమకు తోబుట్టువు వంటిది. గోదావరి మనకు పాయలుగా చీలి సముద్రములో కలిసినట్లే, అక్కడ రైన్, మాస్, స్కెల్ట్ నదులు కలుస్తాయి. మన ఏటిగట్ల వంటి గట్లే అక్కడా ఉన్నాయి. గట్ల మీద గొఱ్ఱెలు మేస్తుంటాయి. గట్టుకు ఇవతలి పొలము సముద్రము కన్న పల్లము.

1953 జనవరి 31, శనివారము రాత్రి అక్కడ పెద్ద పోటుకు పెనుగాలి తోడై గట్లు తెగిపోయాయి. రాత్రివేళ రేడియో ప్రసారములు లేనందున నిద్రలో ఉన్న పల్లెలకు హెచ్చరిక అందలేదు. నన్ను తీసికొని వెళ్లిన పెద్దాయన అప్పుడు పదేళ్ల బాలుడు. అటక మీద రెండు రాత్రులు గడిపి, చేపల పడవవారి చేతుల మీదుగా బ్రతికి బయటపడ్డారు.

ఔవర్‌కెర్క్ అనే గ్రామమువద్ద చివరి గండిని పూడ్చుటకు ఇల్లంతేసి కాంక్రీటు పెట్టెలు నాలుగు నీటిలో దించారు. ఆ గండి పూడినది 1953 నవంబరు 6 రాత్రి. ఆ తేదీ వినగానే నా ఒళ్లు జలదరించింది. మన కోనసీమను తుపాను ఊడ్చివేసినది 1996లో అదే నవంబరు 6న గదా!

ఆ కాంక్రీటు పెట్టెలలోనే ఇప్పుడు వరద మ్యూజియము ఉంది. మృతులు 1,835 మందని మొదటి లెక్క. ఆ రాత్రి పుట్టి, ఏ రిజిస్టరులోను ఎక్కకముందే నీటిపాలైన ఒక పసిబిడ్డను తరువాత కలిపారు. ఇప్పుడు లెక్క 1,836. నూరు గొఱ్ఱెల ఉపమానముమీద నేను ఎన్నో ప్రసంగములు విన్నాను. ఒక్కటి తక్కువైతే లెక్క తేలదనే మాట ఆ దినమున కంటితో చూశాను.

మధ్యాహ్నము తూర్పు స్కెల్ట్ అడ్డుకట్టకు వెళ్లాము. అది 1986 అక్టోబరులో ప్రారంభమైనది. అదే ఏడు ఆగస్టులో మన గోదావరి గట్లు తెంచిన సంగతి పెద్దలకు జ్ఞాపకమే. మొదట అక్కడ సముద్రమును పూర్తిగా మూసివేయాలనుకొన్నారు. అప్పుడు ఆల్చిప్పలు పట్టే బెస్తలు, మరికొందరు అడ్డు తగిలారు. అందుచేత 62 ఉక్కు తలుపులు పెట్టారు. మామూలు దినములలో అవి తెరిచియే ఉంటాయి, పెనుగాలి వస్తే మూస్తారు. గట్ల సంరక్షణకు అక్కడ నీటి సంఘములున్నాయి. అవి 13వ శతాబ్దము నుండి ఉన్నవి. ప్రజలే పన్ను కడతారు, ప్రజలే సభ్యులను ఎన్నుకొంటారు.

తిరుగు ప్రయాణములో ఆయనకు మన తుపానును గురించి చెప్పాను. వెయ్యిమందికి పైగా పోయారని, బలుసుతిప్ప, భైరవపాలెముల నుండి వేటకు వెళ్లిన పడవలు తిరిగి రాలేదని, లక్షల కొబ్బరిచెట్లు కూలినవని చెప్పాను. ఆయన అంతా విని, “పాస్టరుగారూ, వారి పేర్లు మీ సంఘములో ఎక్కడ వ్రాసి ఉన్నాయి?” అని అడిగారు. కొంతసేపటికి ఆయనే, “పేర్లు మరచినవారు గట్టును కూడా మరచిపోతారండీ” అన్నారు. ఆ ఏడంతా నేను విన్న ఉపన్యాసములలో నాకు మిగిలినది ఆ ఒక్క మాట.

స్వదేశము వచ్చిన తరువాత ఒక నోటుబుక్కు కొని, సంఘ పెద్దలతో కలిసి ఇంటింటికి వెళ్లడము మొదలుపెట్టాను. కాగితములలోని పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు మరొకటి. తల్లులు ఇంటిపేరుతో చెప్పరు, ముద్దుపేరుతోనే చెబుతారు. మేము రెండూ వ్రాశాము. ఒక తల్లి మాత్రము, “వ్రాయకండయ్యా, శవము దొరకలేదు. నా బిడ్డ వస్తాడేమో” అన్నది. ఆమె మాట కాదని వ్రాయుటకు నాకు చేతులు రాలేదు. ఆమె కొడుకు కొరకు ఒక గీత ఖాళీగా వదిలాము. అది ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది.

సంఘస్థులారా, ఈ సంచికలో మిషనరీల పేర్లు, బిషప్పుల పేర్లు, దాతల పేర్లు ఉంటాయి. ఉండవలసినదే. వాటి ప్రక్కన నీళ్లలో పోయినవారి పేర్లు కూడా ఉండాలని నా మనవి. వారిలో మన సంఘమువారు, ఇతర మతములవారు, కూలికి పడవ ఎక్కిన పొరుగూరి పిల్లలు ఉన్నారు. సముద్రము వారిని వేరుచేసి చూడలేదు, మనమూ చూడవద్దు.

రెండవ మనవి యౌవనస్థులకు. ప్రతి యేట తుపానుల కాలమునకు ముందు ఒక ఆదివారము ఆరాధన తరువాత మీ ఊరి గట్టు మీద నడవండి. ఎక్కడ కుంగినదో, ఎక్కడ మురుగుకాలువ పూడినదో చూసి వ్రాసి అధికారులకు ఇవ్వండి. తుపాను షెల్టరు తాళము ఎవరివద్ద ఉన్నదో తెలిసికొనండి. నవంబరు 6న ఆ పేర్లు గుడిలో చదవండి. చదువుట ఆ ఖాళీ గీత దగ్గరకు వచ్చినప్పుడు ఒక్క క్షణము ఆగండి.

దేవుడు మిమ్మును దీవించును గాక.